సరిహద్దు జరిగితే జనం మారిపోతారా? 1945 తర్వాతి పోలండ్ గురించి ఒక జవాబు

పోలండ్‌లోని వ్రోత్స్వావ్‌లో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోలండ్ జనాభాలో మూడో వంతు పోలిష్ వాళ్లు కాదని చదివాను. ఇప్పుడు ఎటు చూసినా పోలిష్ వాళ్లే. మ్యాప్ మీద గీత పడమరకు జరిగినంత మాత్రాన ఇంత తేడా ఎలా వచ్చింది? మిగతావాళ్లంతా ఏమయ్యారు? మా ఊళ్లో ఉన్నవాళ్లంతా ఒకప్పుడు పోలండ్‌లో, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ నుంచి వచ్చినవాళ్లే అంటారు, నిజమేనా?"

ముందు సూటిగా చెప్తాను. ఆ తేడా గీత జరగడం వల్ల మాత్రమే రాలేదు. గీతతో పాటు మనుషుల్ని కూడా జరిపారు. అంతకు ముందే లక్షల మందిని చంపేశారు. మిగిలినవాళ్లలో ఒక పది లక్షల మందికి కాగితం మీద జాతిని ఖరారు చేశారు. ఈ మూడింటినీ పక్కన పెట్టి గీతను మాత్రమే జరిపి ఉంటే, పోలండ్ ఇవాళ మీరు చూస్తున్నట్టు ఉండేది కాదు. ప్రతి నలుగురిలో ఒకరు జర్మన్ అయి ఉండేవారు.

నేను చాలా ఏళ్లు ఆధునిక యూరప్ చరిత్ర పాఠాలు చెప్పాను. నా పరిశోధన అంతా జనాభా లెక్కల పట్టికల మీదే, ముఖ్యంగా మధ్య యూరప్ మీద. ఈ ప్రశ్న నా క్లాసులో దాదాపు ప్రతి ఏడూ వచ్చేది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట యుద్ధానికి ముందు ఎవరెవరు ఉన్నారో చూద్దాం. 1931 డిసెంబరు లెక్కల ప్రకారం పోలండ్ జనాభా దాదాపు 3.2 కోట్లు. అందులో పోలిష్ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 69 శాతం. మిగతా వాళ్లు దాదాపు కోటి మంది. ఉక్రేనియన్, రూథేనియన్ (ఉక్రేనియన్‌కే అక్కడ వాడిన పాత పేరు) భాషలు రాయించుకున్నవాళ్లు కలిపి సుమారు 44 లక్షలు. మతం గడిలో యూదులని రాయించుకున్నవాళ్లు 31 లక్షలు. బెలారుసియన్ మాట్లాడేవాళ్లు దాదాపు 10 లక్షలు. జర్మన్ మాట్లాడేవాళ్లు 7 లక్షల పైచిలుకు. ఇవి కాక తూర్పున పోలేసియా చిత్తడి నేలల్లో 7 లక్షల మంది తమది "ఇక్కడి భాష" అని రాయించారు. వాళ్లకు ఏ జాతి పేరూ తమదిగా అనిపించలేదు.

ఈ లెక్కల్ని కూడా పూర్తిగా నమ్మకూడదు. 1921లో జాతి ఏమిటని నేరుగా అడిగారు. 1931లో ఆ ప్రశ్న తీసేసి మాతృభాష, మతం మాత్రమే అడిగారు. లెక్కలు తీసినవాళ్లు పోలిష్ వాళ్ల సంఖ్య పెరిగేలా చూశారన్న ఆరోపణ అప్పటినుంచీ ఉంది, అందులో చాలావరకు నిజముంది. ఏ దేశమైనా సరే, జాతుల శాతాలు చూసినప్పుడు నేను మొదట వెతికేది ఆ ఏడు జనాన్ని ఏ ప్రశ్న అడిగారన్నదే. అంకె తర్వాత సంగతి.

ఇప్పుడు గీత సంగతి. 1943 నవంబరులో టెహ్రాన్ సమావేశంలో చర్చిల్ మూడు అగ్గిపుల్లలు బల్ల మీద పెట్టి, పోలండ్‌ను పడమరకు ఎలా జరపొచ్చో స్టాలిన్‌కు చూపించాడు. తూర్పున సోవియట్ యూనియన్ తీసుకున్నంత భూమికి బదులు పడమర జర్మనీ నుంచి ఇవ్వాలన్నది ఆలోచన. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో తూర్పు హద్దు, మొదటి యుద్ధం తర్వాత బ్రిటన్ సూచించిన కర్జన్ రేఖకు దగ్గరగా ఖాయమైంది. ఆగస్టులో పోట్స్‌డామ్‌లో ఓడర్, నైసే నదుల దాకా ఉన్న జర్మన్ ప్రాంతాల్ని పోలండ్ పాలన కిందికి ఇచ్చారు. తూర్పున పోయింది దాదాపు 1,80,000 చదరపు కిలోమీటర్లు. పడమర, ఉత్తరాల్లో వచ్చింది లక్ష చిల్లర. మొత్తం మీద దేశం 3,89,000 నుంచి 3,12,000 చదరపు కిలోమీటర్లకు తగ్గింది. ఆ నిర్ణయాలు జరిగిన గదుల్లో ఆ ఊళ్లవాళ్లు ఒక్కరూ లేరు. ల్వీవ్ రైతునూ ఎవరూ అడగలేదు, బ్రెస్లావ్ (మీ వ్రోత్స్వావ్ పాత జర్మన్ పేరు) దర్జీనీ ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లుగా ఈ చరిత్ర చెప్తున్నా, ఆ భాగం దగ్గరికి వచ్చేసరికి నాకు మనసు బరువెక్కుతుంది.

పాత మైనారిటీలు ఏమయ్యారన్నది ఒక్కొక్కటిగా చూద్దాం, ఎందుకంటే అందరికీ ఒకటే జరగలేదు. "సరిహద్దు మార్పు వల్ల" అని ఒకే మాటలో చుట్టేస్తే పెద్ద అన్యాయం జరుగుతుంది.

యూదుల విషయంలో సరిహద్దుకు సంబంధం లేదు. యుద్ధానికి ముందు పోలండ్‌లో ఉన్న 33 లక్షల మంది యూదుల్లో దాదాపు 30 లక్షల మందిని నాజీలు చంపారు. ఇది హత్యాకాండ, జనాభా మార్పిడి కాదు. బతికినవాళ్లలో ఎక్కువ మంది సోవియట్ భూభాగంలో తలదాచుకున్నవాళ్లు. వాళ్లు 1946లో తిరిగి వచ్చినప్పుడు చాలామందిని మీరుంటున్న లోయర్ సైలీషియాలోనే స్థిరపరిచారు. కొంతకాలం అక్కడ యూదుల భాష యిడ్డిష్‌లో బడులు, సహకార సంఘాలు నడిచాయి. కానీ 1946 జూలై 4న కీల్త్సే పట్టణంలో జరిగిన దాడిలో 42 మంది యూదుల్ని చంపారు. ఆ తర్వాత కొన్ని నెలల్లోనే పదుల వేల మంది దేశం విడిచిపోయారు. 1968లో ప్రభుత్వమే యూదు వ్యతిరేక ప్రచారం నడిపినప్పుడు మరో 13,000 మంది దాకా పౌరసత్వం వదులుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఉక్రేనియన్లు, బెలారుసియన్ల విషయంలో గీతదే ప్రధాన పాత్ర. వాళ్లలో ఎక్కువ మంది ఉన్న చోటనే ఉన్నారు. వాళ్ల ఊళ్లే సోవియట్ ఉక్రెయిన్‌లోకి, సోవియట్ బెలారుస్‌లోకి వెళ్లిపోయాయి. వాళ్లు కదలకుండానే పోలండ్ లెక్కల్లోంచి మాయమయ్యారు. మీ ప్రశ్నకు "గీత వల్లే" అన్న సమాధానం సరిగ్గా అతికేది ఈ ఒక్క గుంపుకే.

అయినా గీతకు ఇవతల, అంటే కొత్త పోలండ్‌లో కూడా ఆరేడు లక్షల మంది ఉక్రేనియన్లు మిగిలారు. 1944 సెప్టెంబరులోనే కొత్త పోలిష్ కమ్యూనిస్టు అధికారులు సోవియట్ ఉక్రెయిన్, బెలారుస్, లిథువేనియాలతో ఒప్పందాలు కుదుర్చుకున్నారు: అటు ఉన్న పోలిష్ వాళ్లు, యూదులు ఇటు, ఇటు ఉన్న ఉక్రేనియన్లు, బెలారుసియన్లు, లిథువేనియన్లు అటు. కాగితం మీద ఇది స్వచ్ఛందం. మొదట్లో కొందరు ఇష్టపడే వెళ్లారు. తర్వాత సైన్యం ఊళ్లలోకి వచ్చి కదిలించింది. 1946 దాకా దాదాపు 4,80,000 మంది ఉక్రేనియన్లను సోవియట్ వైపు పంపారు.

అప్పటికీ కార్పాతియన్ కొండల దగ్గర సుమారు లక్షన్నర మంది మిగిలారు. అక్కడ ఉక్రేనియన్ తిరుగుబాటు సైన్యం పోరాడుతోంది. 1947 మార్చిలో పోలిష్ జనరల్ స్వియెర్చెవ్‌స్కీ దాడిలో చనిపోయాడు. ఏప్రిల్ 28న ఆపరేషన్ విస్తులా మొదలైంది. దాదాపు 1,40,000 మందిని, అందులో రాజకీయాలతో ఏ సంబంధమూ లేని లెమ్కో కొండవాళ్లను కూడా, రైళ్లెక్కించి జర్మన్లు ఖాళీ చేసిన పడమర, ఉత్తర జిల్లాలకు పంపారు. ఒక ఊళ్లో వాళ్లు పది శాతానికి మించకూడదని ఆదేశం. ఆ నియమం చూస్తే ఉద్దేశం అర్థమవుతుంది. తిరుగుబాటుదారులకు ఆసరా లేకుండా చేయడమే లక్ష్యమైతే చెదరగొట్టి అంత లెక్కగా నింపక్కర్లేదు. తర్వాతి తరానికి భాష, గుడి, పెళ్లి సంబంధాలు అందకుండా చేసి కలిపేసుకోవాలన్నదే అసలు లక్ష్యం. 1990లో పోలిష్ సెనేట్ దీన్ని ఖండించింది.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే కథ ఏకపక్షం అవుతుంది. ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్‌లో, 1943లో వొలీనియాలో, ఆ తర్వాత తూర్పు గలీషియాలో ఉక్రేనియన్ తిరుగుబాటు దళాలు పోలిష్ పల్లెల మీద పడి చంపిన జనం సంఖ్యను చరిత్రకారులు వేలల్లో కాదు, లక్ష దాకా అంచనా వేస్తారు. పోలిష్ వైపు నుంచి జరిగిన ప్రతీకార దాడుల్లో వేల మంది ఉక్రేనియన్లు చనిపోయారు. 1944లో ఒప్పందం కాగితం వచ్చేసరికి ఆ ఊళ్లవాళ్లు పక్క ఊరి మొహం చూడలేని స్థితిలో ఉన్నారు. ప్రభుత్వాలు, సైన్యాలు మాత్రమే కాదు, యుద్ధంలో పొరుగువాడి మీద పుట్టిన భయం కూడా మనుషుల్ని రైలెక్కించింది.

అన్నిటికన్నా పెద్ద కదలిక జర్మన్లది. పోలండ్‌కు వచ్చిన కొత్త ప్రాంతాల్లో యుద్ధానికి ముందు 80 లక్షలకు పైగా జనం ఉండేవారు, అత్యధికులు జర్మన్లు. 1945 జనవరిలో సోవియట్ సైన్యం దూసుకొస్తుంటే లక్షలాది మంది ఆ మంచులోనే బళ్ల మీద, కాలినడకన పడమరకు పారిపోయారు. యుద్ధం ముగిశాక, పోట్స్‌డామ్ నిర్ణయం రాకముందే, జూన్, జూలై నెలల్లో పోలిష్ సైన్యం సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊళ్లను ఖాళీ చేయించింది. పోట్స్‌డామ్ ఒప్పందంలో మాత్రం ఈ తరలింపు క్రమపద్ధతిలో, మానవీయంగా జరగాలని రాసుకున్నారు. 1946లో జర్మనీలో బ్రిటిష్, సోవియట్ సైన్యాల అధీనంలో ఉన్న మండలాలకు రైళ్లు మొదలయ్యాయి. 1946 ఫిబ్రవరి లెక్కల్లో పోలండ్ మొత్తం జనాభా 2.39 కోట్లు. అందులో ఇంకా దాదాపు 23 లక్షల మంది జర్మన్లే. నాలుగేళ్లలో వాళ్లలో అత్యధికులు లేరు. 1945 నుంచి 1949 దాకా మొత్తం 30 లక్షలకు పైగా జర్మన్లను పంపించేశారు. ఆకలి, రోగాలు, శిబిరాల్లో దెబ్బలు, రైళ్లలో చలి వల్ల ఎందరో చనిపోయారు.

జర్మనీ ఈ యుద్ధం మొదలుపెట్టింది, పోలండ్‌ను నాశనం చేసింది. పోలిష్ వాళ్ల కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. ఆ కోపం వల్ల ఊరు విడిచిన ముసలమ్మ నేరస్తురాలు అయిపోదు. ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పడానికి విద్యార్థులు ఇబ్బంది పడేవారు. చెప్పాలి.

మూడో పని, కాగితం మీద జరిగింది. దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు, కానీ నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. దక్షిణాన ఎగువ సైలీషియాలో, ఉత్తరాన మజూరియాలో తరతరాలుగా జర్మనీ పౌరులుగా ఉన్నా ఇంట్లో ఒక రకం పోలిష్ మాండలికం మాట్లాడే జనం ఉండేవారు. సైలీషియన్లు కాథలిక్కులు, మజూరియన్లు ప్రొటెస్టెంట్లు. వీళ్లు ఎవరు? జర్మన్లయితే పంపేయాలి. పోలిష్ వాళ్లయితే ఉంచాలి. దీనికోసం "వెరిఫికేషన్" కమిటీలు వేశారు. ఇంటిపేరు ఏమిటి, పోలిష్ వచ్చా, తాతలు ఎవరు, యుద్ధంలో ఎలా ఉన్నావు అని అడిగి సర్టిఫికెట్ ఇచ్చారు. అలా సుమారు 10 లక్షల మంది పోలిష్ వాళ్లయ్యారు. చాలామందికి అసలు లెక్క వేరు: సర్టిఫికెట్ తీసుకుంటే ఇల్లు, పొలం ఉంటాయి, లేకపోతే రైలెక్కాలి. సంతకం పెట్టినవాళ్ల మనసులో ఏ జాతి ఉందో ఆ కాగితం చెప్పలేదు. జర్మన్ మాట్లాడటం నిషేధించారు, పేర్లు మార్పించారు.

ఫలితం ఏమిటంటే, మజూరియన్లలో చాలామంది తర్వాతి దశాబ్దాల్లో అవకాశం దొరకగానే పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయారు. సైలీషియాలో మాత్రం జనం ఉండిపోయారు. 2011 లెక్కల్లో మొదటిసారి రెండు గుర్తింపులు రాయించుకునే వీలు ఇచ్చినప్పుడు 8 లక్షల మందికి పైగా తాము సైలీషియన్లమని రాయించారు. చట్టం ప్రకారం సైలీషియన్లకు ఇప్పటికీ ప్రత్యేక జాతిగా గుర్తింపు లేదు. వాళ్ల భాషను ప్రాంతీయ భాషగా గుర్తించే బిల్లును 2024 మేలో అధ్యక్షుడు వీటో చేశాడు. మీరు రైలెక్కి ఓపోలె చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి చూడండి. ఊరి బోర్డులు పోలిష్‌లోనూ జర్మన్‌లోనూ ఉంటాయి. 1940ల కమిటీలు తేల్చేశామనుకున్న ప్రశ్న అక్కడ ఇంకా తేలలేదు.

ఇప్పుడు మీ ఊరి సంగతి. వ్రోత్స్వావ్, అంటే అప్పటి బ్రెస్లావ్‌లో, 1939లో 6,29,000 మంది ఉండేవారు. 1945 ఫిబ్రవరి నుంచి మే 6 దాకా సాగిన ముట్టడిలో ఊరు చాలావరకు శిథిలమైంది. తర్వాత మూడు, నాలుగేళ్లలో జనం దాదాపు పూర్తిగా మారిపోయారు. ఇంత పెద్ద నగరంలో ఇంత త్వరగా ఇలా జరగడం యూరప్ చరిత్రలోనే అరుదు.

వచ్చినవాళ్లంతా ల్వీవ్ వాళ్లే అన్నది మాత్రం నిజం కాదు. అలా అనిపించడానికి కారణముంది. ల్వీవ్ నుంచి ప్రొఫెసర్లు వచ్చి ఇక్కడి యూనివర్సిటీని, పాలిటెక్నిక్‌ను నడిపారు. ఒస్సొలినెయుమ్ గ్రంథాలయంలో కొంత భాగం ఇక్కడికి చేరింది. రాత్స్వావిత్సె యుద్ధాన్ని చూపించే పెద్ద పనోరమా చిత్రం ల్వీవ్ నుంచే వచ్చింది, 1985లో గానీ జనానికి తెరవలేదు. మార్కెట్ కూడలిలో మీరు రోజూ చూసే రచయిత ఫ్రెద్రో విగ్రహం కూడా ల్వీవ్‌లో ఉన్నదే, 1956లో ఇక్కడ పెట్టారు. చదువుకున్నవాళ్లు, గుర్తులు తెచ్చినవాళ్లు ల్వీవ్ వాళ్లు కాబట్టి ఊరి జ్ఞాపకం వాళ్ల పేరున నిలిచింది. మొత్తం కొత్త ప్రాంతాల్ని తీసుకుంటే 1950 నాటికి అక్కడి జనంలో దాదాపు సగం మంది పోలండ్ మధ్య ప్రాంతాల నుంచి, అంటే వార్సా, కీల్త్సే, పోజ్నాన్ వైపు నుంచి భూమి కోసం, పని కోసం వచ్చినవాళ్లు. పావు వంతుకు కాస్త పైగా తూర్పు నుంచి వచ్చినవాళ్లు. ఐదో వంతు పాతవాళ్లు, ఇందాక చెప్పిన సర్టిఫికెట్ల వాళ్లు. మీ నగరంలో కూడా ల్వీవ్ వాళ్లు మెజారిటీ కాదు.

తూర్పు నుంచి ఎంతమంది వచ్చారన్నది కూడా చూడండి. 1944 నుంచి 1948 దాకా దాదాపు 15 లక్షల మంది, 1955 తర్వాత రెండో విడతలో సుమారు రెండున్నర లక్షల మంది. అందరూ రాలేదు. ఎందుకు రాలేదన్నది ఊరిని బట్టి మారుతుంది. లిథువేనియాలో విల్నో (ఇప్పటి విల్నియస్) నగరం నుంచి పోలిష్ వాళ్లను పంపడానికి అక్కడి అధికారులు ఉత్సాహం చూపించారు. 1931లో ఆ నగరంలో లిథువేనియన్లు ఒక్క శాతం కూడా లేరు, అందువల్ల నగరాన్ని తమది చేసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. చుట్టూ ఉన్న పల్లెల్లో మాత్రం పొలం పని చేసే చేతులు కావాలి గనుక వెళ్లకుండా ఆపారు. అందుకే ఇవాళ విల్నియస్ నగరం లిథువేనియన్, పక్కనే ఉన్న షల్చినింకై జిల్లాలో మాత్రం మెజారిటీ పోలిష్ వాళ్లే. బెలారుస్‌లో 2019 లెక్కల్లో కూడా దాదాపు 2,88,000 మంది పోలిష్ అని రాయించారు. జనాభా పటంలో ఇలాంటి మచ్చ కనిపించినప్పుడల్లా, దాని వెనక ఎవరో ఒక అధికారి ఇచ్చిన లేదా ఇవ్వని అనుమతి ఉంటుందని నా అనుభవం.

పరిశోధన కోసం మీ ప్రాంతంలో ఉన్నప్పుడు ఒక పెద్దావిడతో మాట్లాడాను. వాళ్ల కుటుంబం ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న తెర్నోపిల్ దగ్గరి పల్లె నుంచి, ఆవుతో సహా గూడ్స్ పెట్టెలో వచ్చింది. ఇల్లు కేటాయిస్తే, అందులో జర్మన్ కుటుంబం ఇంకా ఉంది. కొన్ని నెలలు రెండు కుటుంబాలూ ఒకే వంటింట్లో వండుకున్నాయి. ఆ జర్మన్ తల్లికి తమ ఇల్లు పోతోంది, ఈమె తల్లికి తన ఇల్లు ఇప్పటికే పోయింది. భాష రాకపోయినా ఇద్దరూ కలిసి ఏడ్చేవారట. తర్వాత చాలా ఏళ్లు ఆ ఇంటి పైకప్పు బాగు చేయించలేదు. జర్మన్లు తిరిగి వస్తారన్న టెన్షన్ అందరిలో ఉండేదట. ఇది ఆమె ఒక్కరి మాట కాదు. 1970 డిసెంబరులో పశ్చిమ జర్మనీ ఓడర్-నైసే గీతను ఒప్పుకునే దాకా ఆ ప్రాంతమంతా అలాగే ఉండేది. పూర్తి ఒప్పందం 1990 నవంబరులో గానీ కుదరలేదు. సరిహద్దును అవతలివాడు ఒప్పుకోనంత కాలం, ఇవతలివాడు ఇంటికి సున్నం కూడా వేయడు.

భారతదేశానికి దీనితో ఉన్న సంబంధం చాలామంది తెలుగువాళ్లకు తెలియదు. 1940, 41లలో సోవియట్ ప్రభుత్వం తూర్పు పోలండ్ నుంచి లక్షల మందిని సైబీరియాకు, మధ్య ఆసియాకు తరలించింది. 1942లో వాళ్లలో కొందరు ఇరాన్ మీదుగా బయటపడ్డారు. జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో నవానగర్ రాజు దిగ్విజయ్‌సిన్హ్‌జీ పోలిష్ పిల్లలకు ఆశ్రయమిచ్చారు. కొల్హాపూర్ దగ్గర వాళివడెలో కొన్ని వేల మంది ఉన్న పెద్ద శిబిరం నడిచింది. యుద్ధం ముగిశాక వాళ్లకు వెళ్లడానికి ఇల్లు లేదు. ఇల్లు ఉంది, అది సోవియట్ యూనియన్‌లో ఉంది. అందుకే చాలామంది బ్రిటన్‌కు, ఇతర దేశాలకు చెదిరిపోయారు. సరిహద్దు జరిగితే, ఆ సమయానికి అక్కడ లేనివాళ్ల జీవితం కూడా మారిపోతుంది.

ఇతర దేశాల్లో ఇలాగే జరిగిందా? లేదు. పోలండ్‌ను చూసి అన్నిచోట్లా ఇదే నియమం అనుకోవద్దు.

హంగేరీని తీసుకోండి. 1920 జూన్ 4న ట్రియనాన్ ఒప్పందంతో అది మూడింట రెండు వంతుల భూమి పోగొట్టుకుంది. 1910లో ఆ దేశంలో హంగేరియన్ మాట్లాడేవాళ్లు 54 శాతం. 1920లో దాదాపు 90 శాతం. ఫలితం పోలండ్ లాంటిదే, దారి వేరు. ఇక్కడ గీతే జరిగింది, జనం ఎక్కువగా కదల్లేదు. మూడు, మూడున్నర లక్షల మంది శరణార్థులు వచ్చి కొందరు రైలు పెట్టెల్లోనే నెలల తరబడి కాపురముండటం నిజమే, కానీ 30 లక్షలకు పైగా హంగేరియన్లు గీత అవతల రొమేనియా, చెకోస్లొవేకియా, యుగోస్లావియాల్లో ఉండిపోయారు. మొదటి యుద్ధం తర్వాత పద్ధతి అది: వీలైనంత వరకు జనాన్ని బట్టి గీత గీయడం, మిగిలినవాళ్లకు మైనారిటీ హక్కుల ఒప్పందాలు రాయించుకోవడం. ఆ ఒప్పందాలు పని చేయలేదన్న నిరాశతోనే రెండో యుద్ధం తర్వాత గీతను బట్టి జనాన్ని మార్చారు.

గ్రీస్, టర్కీల 1923 మార్పిడిలో ఇంకో రకం అన్యాయం. దాదాపు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీస్‌కు, మూడున్నర నుంచి నాలుగు లక్షల మంది ముస్లింలు టర్కీకి. ఎవరు ఎటు వెళ్లాలన్నది మతాన్ని బట్టే తేల్చారు. దాంతో టర్కిష్ తప్ప ఇంకేమీ రాని క్రైస్తవులు గ్రీస్‌లో దిగారు, గ్రీకు మాట్లాడే క్రీట్ ముస్లింలు టర్కీలో దిగారు. అక్కడ కొన్నేళ్ల పాటు ఇద్దరినీ పరాయివాళ్లుగానే చూశారు. 1944 ఒప్పందాలు రాసినవాళ్లకు ఈ మార్పిడి ఒక విజయవంతమైన ఉదాహరణగా కనిపించింది, నాకు మాత్రం కనిపించదు.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి చెప్తాను, ఎందుకంటే తేడా అందులో బాగా తెలుస్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు వెళ్లింది. గీత భాషను బట్టే గీశారు, గొడవలూ జరిగాయి. కానీ బళ్లారి తెలుగువాళ్లు బళ్లారిలోనే ఉన్నారు. హోసూరు వాళ్లు హోసూరులోనే ఉన్నారు. పౌరసత్వం మారలేదు, పొలం పోలేదు, ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. 1947లో పంజాబ్‌లో ఇవన్నీ ఒకేసారి జరిగాయి, హత్యలతో సహా, అందుకే కొన్ని నెలల్లో రెండు వైపులా ఊళ్లు ఖాళీ అయ్యాయి. గీత ఎక్కడ పడింది అన్నదానికన్నా, గీత దాటితే మనిషికి ప్రాణం, ఆస్తి, పౌరసత్వం ఉంటాయా అన్నదే జనాభాను మారుస్తుంది.

మీరు దీని మీద పేపర్ రాస్తానన్నారు కాబట్టి పద్ధతి గురించి కొంచెం చెప్తాను. "1931లో 69 శాతం, 2002లో 97 శాతం" అని పక్కపక్కన పెట్టి ఆపేయకండి. ఆ రెండూ ఒకే భూమికి సంబంధించిన లెక్కలు కావు. పేరు ఒకటే, నేల వేరు. ముందు ఒక జిల్లాను ఎంచుకుని, 1931 (జర్మన్ ప్రాంతమైతే 1939), 1946, 1950 లెక్కల్లో ఆ జిల్లాలో ఏం జరిగిందో చూడండి. తర్వాత దేశం మొత్తం చూడండి. 1950లో ఒక మంచి ప్రశ్న అడిగారు: 1939 ఆగస్టులో మీరు ఎక్కడ ఉండేవారు? జాతి గురించి అబద్ధం చెప్పాల్సి వచ్చినవాళ్లు కూడా దీనికి చాలావరకు నిజమే చెప్పారు. జాతి గడి కన్నా ఆ గడి మీకు ఎక్కువ పనికొస్తుంది. 1946 ఫిబ్రవరి లెక్కలు తీసేటప్పటికి రైళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయన్నది గుర్తుంచుకోండి, అది ప్రవాహం మధ్యలో తీసిన ఫొటో లాంటిది.

ఒకే జాతి దేశం అయింది కాబట్టి పోలండ్‌లో గొడవలు తగ్గాయి, కాబట్టి అప్పుడు చేసింది మంచిదే అని కొందరు వాదిస్తారు, మీ ప్రశ్న కింద కూడా ఒకరు అదే రాశారు. నేను ఒప్పుకోను. జర్మన్-పోలిష్ సరిహద్దులో శాంతి వచ్చింది జనాన్ని తరిమినందుకు కాదు, 1970లో, 1990లో గీతను ఒప్పుకున్నందుకు. తరిమేశాక ఇరవై ఐదేళ్లూ అక్కడ భయమే ఉంది. దేశంలో యూదులు చాలా కొద్దిమందే మిగిలినా యూదు వ్యతిరేకత 1968లో ఎలా పని చేసిందో పైన చూశాం. మనుషుల్ని వెళ్లగొడితే సమస్య పోతుందనే వాళ్లు, వెళ్లగొట్టడంలో చచ్చిపోయినవాళ్లను ఎప్పుడూ లెక్కలో వేసుకోరు.

ఇక ఇప్పుడు మీ చుట్టూ ఉన్న జనం గురించి. 2022 ఫిబ్రవరి తర్వాత పది లక్షల మంది దాకా ఉక్రేనియన్లు తాత్కాలిక రక్షణ కింద పోలండ్‌లో ఉన్నారు. అంతకు ముందు నుంచే పని కోసం వచ్చినవాళ్లు ఉన్నారు. వ్రోత్స్వావ్‌లో ట్రామ్ ఎక్కితే ఉక్రేనియన్ వినిపించడం మీకూ తెలుసు. భారతీయ విద్యార్థుల్లో మీలాంటి తెలుగువాళ్లూ కనిపిస్తారు. వీళ్లలో చాలామంది పౌరులు కారు, అందుకే జాతుల పట్టికలో వీళ్ల వాటా ఇంకా సరిగ్గా కనిపించదు. మీ పేపర్‌లో 2021 లెక్కలతో ఆగిపోతే ఈ మార్పు మొత్తం జారిపోతుంది. నివాస అనుమతుల లెక్కలు పోలండ్ ప్రభుత్వపు విదేశీయుల కార్యాలయం విడిగా ఇస్తుంది, వాటిని కూడా కలిపి చూడండి. జిల్లా ఎంచుకున్నాక ఇక్కడే రాయండి, 1946, 1950 పట్టికల్లో ఆ జిల్లా హద్దులు ఎలా మారాయో చూసి చెప్తాను.